ఐదో దీపం

గుంటూరులో ఇల్లు అద్దెకు కావాలంటే పాగా పెట్టుకోవాలి. మెస్సులో నెలవారీ భోజనానికి కుదరాలన్నా, పెళ్ళికి సన్నాయి వాళ్ళను మాట్లాడుకోవాలన్నా, బర్రెను అమ్మాలన్నా పాగా లేనిదే పని జరగదు. అది 2091. పాతికేళ్ళ లోపు వాళ్ళకు సంతకం అంటే సినిమా వాళ్ళు అభిమానులకు చేసిపెట్టే గీత అని మాత్రమే తెలుసు.

దాని అసలు పేరు కన్సెంటోమీటర్. తెలుగులో సమ్మతిమాపని అన్నారు. ఆ రెండు పేర్లూ ఆఫీసు బోర్డుల మీదే ఉండిపోయాయి. రెండు మూరల మెత్తటి గుడ్డ, దాని నేతలో వెంట్రుక కంటే సన్నగా పన్నెండు వందల గ్రాహకాలు, అంటే సెన్సర్లు. తలకు చుట్టుకుంటే మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను అది చదువుతుంది. ఎదురుగా చిన్న స్టాండు, దాని మీద ఆరు దీపాలు. తలకు చుట్టుకునేది కాబట్టి జనం పాగా అన్నారు, అదే నిలిచింది.

ఆరు దీపాలకు ఆరు ప్రశ్నలు. ఒప్పందం ఏ కాలంలోనైనా ఈ ఆరు కాళ్ళ మీదే నిలబడుతుంది. ఒకరు స్పష్టమైన ప్రతిపాదన చేశారా? రెండోవారు దాన్నే, ఏ మార్పూ లేకుండా, అంగీకరించారా? ఇచ్చినదానికి బదులుగా పుచ్చుకునే ప్రతిఫలం ఉందా? ఒప్పుకునే వయసూ తెలివీ ఇద్దరికీ ఉన్నాయా? ఒప్పుకోవడం స్వేచ్ఛగా జరిగిందా? చేయబోయేది చట్టం ఒప్పే పనేనా? వెనకటి రోజుల్లో ఈ ప్రశ్నలు గొడవ వచ్చాక, కోర్టులో, పదేళ్ళు ఆలస్యంగా అడిగేవారు. పాగా ఒప్పుకునే క్షణంలోనే అడుగుతుంది. ఆరూ పచ్చగా వెలిగితే ఒప్పందం ఖాయమైనట్టే, దాని మీద ఇక కోర్టు లేదు. ఒక్కటి ఎర్రగా వెలిగినా అక్కడికక్కడే రద్దు. 2068లో ఈ చట్టం వచ్చినప్పుడు జనం మిఠాయిలు పంచుకున్నారు. బలవంతపు సంతకాలకూ దొంగ వేలిముద్రలకూ కాలం చెల్లిందనుకున్నారు, పిచ్చి జనం.

చట్టంలో ఒక్క సందు మిగిలింది. యంత్రం ఏదైనా చూడకుండా వదిలేసిందని దాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త తొంభై రోజుల్లోపు ధ్రువపత్రం ఇస్తే, ఆ ఒప్పందాన్ని మళ్ళీ చదువుతారు. అదే లోపం ఉన్న పాత ఒప్పందాలకూ అప్పుడు దారి తెరుచుకుంటుంది. కనిపెట్టిన మనిషి డాక్టర్ మన్నవ ఆద్య. ఇరవై మూడేళ్ళలో ఆమె అలాంటి ధ్రువపత్రం ఒక్కటి కూడా ఇవ్వలేదు. అరవయ్యారేళ్ళ ఆద్య ఆ సంగతి ఉపన్యాసాల్లో గర్వంగా చెప్పుకునేది కూడా.

జూలై చివర్లో, పుష్యమి కార్తెలో, ఒక మధ్యాహ్నం మేకల లాస్య ఆమె పరిశోధనశాలకు వచ్చింది. లాస్యది పల్నాడులో నాగులేటిపాడు, వయసు యాభై రెండు, మిరప రైతు. ముద్దుగా పెట్టిన పేరు మనిషితోపాటు పెరగలేదు గానీ మనిషి మాత్రం ఎండలో బాగా ముదిరింది. గేటు దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టారు. లోపలికి వచ్చేసరికి ఆమె మొహం కందగడ్డలా ఉంది.

“కూర్చోండమ్మా,” అంది ఆద్య.

“కూర్చోటానికి రాలేదు డాక్టరమ్మా. మీ పాగా తప్పు చెప్పింది. తప్పు చెప్పిందని కాయితం రాసివ్వండి. ఇయ్యాల్టితో తొంభై రోజులు. రేపు పొద్దున కంపెనీ వాళ్ళొచ్చి నా విత్తనం ఎత్తుకపోతారు.”

ఏ విత్తనమని ఆద్య అడిగింది. లాస్య నిలబడే చెప్పింది. వాళ్ళ నాన్నా తనూ ముప్పయ్యేళ్ళు ఏరి ఏరి నిలబెట్టిన మిరప రకం అది. కాయ తొడిమ నల్లగా ఉంటుంది, అందుకని నల్లతొడిమ అంటారు. తామర పురుగు ఊళ్ళో చేలన్నీ నాకేసిన సంవత్సరాల్లో కూడా ఆ మొక్క జోలికి రాలేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా దోసెడు విత్తనం ఇచ్చేవాళ్ళు. మేఘసార బయో అనే సంస్థ దాని కోసం వచ్చింది. విత్తనం మీద సర్వహక్కులూ సంస్థవి, లాస్యగానీ ఆమె దగ్గర తీసుకున్నవాళ్ళుగానీ దాన్ని ఇక నాటకూడదు, ఇంట్లో ఉన్న విత్తనమంతా అప్పగించాలి. ప్రతిఫలంగా పదేళ్ళు ఆమె పంటకు బీమా. అదీ ఒప్పందం. దానికి ఆరు దీపాలూ పచ్చగా వెలిగాయి.

ఆద్య ఇలాంటి వాళ్ళను చాలామందిని చూసింది. వరసగా అడగవలసినవి అడిగింది.

“ఎవరైనా మిమ్మల్ని బెదిరించారా?”

“లేదు. వచ్చినాయన విహాన్ గారని, పిల్లిని కూడా అదిలించడు.”

“అయితే బలవంతం కాదు. ఆయన మీకు యజమాని, వైద్యుడు, అలా మీ మీద అధికారం ఉన్నవాడా?”

“కాదు.”

“అనుచిత ప్రభావం కూడా కాదన్నమాట. ఏమైనా దాచాడా? అబద్ధం చెప్పాడా?”

“ఒక్క ముక్క దాచలేదు. రెండుసార్లు చదివి వినిపించాడు.”

“మోసమూ లేదు, తప్పుదోవ పట్టించడమూ లేదు. మరి మీరే ఒకటనుకుని ఇంకోటి ఒప్పుకున్నారా?”

“అదీ లేదు. నా విత్తనం నాక్కాకుండా పోతందని నాకు తెలుసు.”

“స్వేచ్ఛా సమ్మతిని చెడగొట్టేవి చట్టంలో ఈ ఐదేనమ్మా,” అంది ఆద్య. “ఐదూ లేవని మీరే చెప్పారు. తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నారు మరి?”

“మొగమాటం,” అంది లాస్య.

ఆద్య చేతిలో ఉన్న కలం లాంటి పలకపుల్లను బల్ల మీద పెట్టింది. “ఆ మాట చట్టంలో లేదు.”

“చట్టంలో లేకపోతే మనిషిలో లేకుండా పోద్దా?” లాస్య గొంతు లేచింది. “మా నాయన మంచం పట్టినప్పుడు విహాన్ గారు ఆరుసార్లు ఆస్పత్రికి తిప్పాడు. పోయినరోజు మా దాయాదులు గట్టు తగాదా పెట్టుకుని గుమ్మం తొక్కలేదు. పాడెకు నాలుగో భుజం లేదమ్మా. విహాన్ గారు చెప్పులిప్పి వచ్చి భుజం పెట్టాడు. పెద్దకర్మ నాడు అందరి భోజనాలయ్యాక పాగా తీసి, ‘అక్కా, ఇష్టమైతేనే’ అన్నాడు. మా నాయన పాడె మోసినోణ్ణి కాదంటానికి నాకు నోరొస్తదా? మొగమాటానికి పోతే కడుపైందని మా నాయనమ్మ సామెత చెప్పేది. అప్పుడు పడీపడీ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావట్లా.”

పరిశోధనశాలలో రికార్డులు చూసే యంత్రం ఒకటి ఉంది, దాని పేరు సాక్షి. అది దేశంలో జరిగిన ప్రతి ఒప్పందపు తరంగాలనూ దాచిపెడుతుంది, అడిగితే మాట్లాడుతుంది. లాస్య ఒప్పందం తెరవమని ఆద్య దానితో చెప్పింది.

“ఆరు దీపాలు పచ్చ,” అంది సాక్షి. “రెండు వైపులా అవగాహన నూరు పాళ్ళు. మోసపుటుద్దేశం సున్న.”

“విహాన్ గారిది కూడా?” అంది ఆద్య.

“అతని తరంగాల్లో కపటం లేదు. మృతుడి పట్ల నిజమైన దుఃఖం ఉంది. ఈ సంవత్సరం అతను పదకొండు ఊళ్ళలో పదకొండు ఒప్పందాలు చేశాడు. పదకొండు ఇళ్ళలోనూ అంతకు ముందు నెలలోపు ఒక మరణం జరిగింది.”

ఆ ఆఖరి మాటకు ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆద్య ఇంకొన్ని ప్రశ్నలు వేసింది. సాక్షి ఆ సంస్థ ఉద్యోగుల ఒప్పందాల తరంగాలు తిరగేసి, తాపీగా విప్పి చెప్పింది. మేఘసారలో ఆత్మీయ విభాగం అని ఒకటుంది. చావులూ రోగాలూ ఉన్న ఇళ్ళ జాబితా ఒక గదిలో తయారవుతుంది. ఆ గదిలో వాళ్ళు ఊళ్ళలో ఒప్పందాలకు ఎప్పుడూ పాగా పెట్టుకోరు. పాగా పెట్టుకునేది విహాన్ లాంటి వాళ్ళు. మంచివాళ్ళనూ జాలిగుండె వాళ్ళనూ ఏరి మరీ ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఫలానా ఊరు వెళ్ళు, ఎవరికి కష్టమొస్తే వాళ్ళకు సాయం చెయ్యి, తర్వాత వీలు చూసి ఒప్పందం అడుగు అని మాత్రమే వాళ్ళకు చెబుతారు. తెలిసినవాడు అడగడు, అడిగేవాడికి తెలియదు. యంత్రం వెతికేది ఎదురుగా కూర్చున్న తలలో అబద్ధాన్ని. అబద్ధం ఆడే తలకాయ అసలు ఆ ఊరే రాదు.

“దొంగ నాయాళ్ళు,” అంది లాస్య. ఆ మాట ఆమె కళ్ళలో నీళ్ళతో అంది. “ఆ మంచోడి మంచితనాన్ని కూడా అమ్ముకున్నారా.”

ఆద్యకు ఒళ్ళు మండింది. నిజంగానే మండింది. కానీ అంతకంటే లోపల ఇంకోటి మెదిలింది, ఆమె దాన్ని అక్కడే నొక్కేయాలని చూసింది. “ఇది సంస్థ చేసిన దుర్మార్గం. యంత్రం తప్పు కాదు. నేను ఇవ్వవలసిన ధ్రువపత్రం యంత్రం గురించి,” అంది.

“మీ యంత్రం నా లోపల వద్దన్న మాట వినలేదమ్మా. నేను సరే అనేముందు వద్దు అన్నా. లోపల అన్నా. అంత గట్టిగా అంటే మీ పన్నెండొందల తీగల్లో ఒక్కదానికీ వినపళ్ళేదా?”

ఈ ప్రశ్నకు ఆద్య దగ్గర జవాబు ఉంది. అదే ఆమె బాధ. ఆమె సాక్షి వైపు తిరిగింది.

“జల్లెడ తీసేసి చూపించు.”

“శబ్దం కలిపి చూపించమంటారా?”

“అవును. శబ్దం కలిపి.”

జల్లెడ అంటే ఫిల్టర్. అక్కర్లేని తరంగాలను వడగట్టే అమరిక. ఆ అక్కర్లేనివాటినే వాళ్ళ భాషలో శబ్దం అంటారు. స్టాండు మీద దీపాలు ఆరిపోయి మళ్ళీ ఒక్కొక్కటే వెలిగాయి. ప్రతిపాదన పచ్చ. అంగీకారం పచ్చ. ప్రతిఫలం, అర్హత పచ్చ. ఐదో దీపం, స్వేచ్ఛా సమ్మతి, ఎర్రగా వెలిగింది. ఆరోది పచ్చ.

లాస్య అప్పుడు కూర్చుంది. “వినపడింది,” అంది నెమ్మదిగా. “వినపడి తీసేశారన్నమాట. ఎవరు తీశారు?”

“అది సాంకేతిక నిర్ణయం. అప్పటి బృందం…”

“ఎవరమ్మా?”

ధ్రువపత్రం ఇవ్వాలన్నా పాగా పెట్టుకునే ఇవ్వాలి, అది నియమం. ఆద్య సొరుగులోంచి తన పాగా తీసి తలకు చుట్టుకుంది. జల్లెడ తీసే ఉంది. “నేనే తీశాను,” అంది. ఐదో దీపం పచ్చగా వెలిగింది.

ఆ తర్వాత మిగతాదీ చెప్పింది. 2066లో నాలుగు వేలమంది మీద యంత్రాన్ని పరీక్షించారు. దాదాపు అందరి మెదళ్ళలోనూ ఒక తరంగం కనబడింది. మనిషి సరే అనబోయే ముందు, సెకనులో మూడో వంతు సేపు, వద్దు అనే అల ఒకటి లేస్తుంది. వెంటనే ఇంకో అల వచ్చి దాన్ని తొక్కేస్తుంది. ఎదుటివాడు ఏమనుకుంటాడో అన్న అల అది. ఆ జంట అలకు వాళ్ళు, మొహమాటంలో మొదటి అక్షరం తీసుకుని, ఎం-తరంగం అని పేరు పెట్టుకున్నారు. నాలుగు వేలమందిలో మూడు వేల ఏడు వందల మందికి ఐదో దీపం ఎర్రగా వెలిగింది. ఇది లెక్కలో ఉంచితే దేశంలో ఒక్క ఒప్పందమూ కుదరదని పెద్దలకు భయం పట్టుకుంది. అప్పుడు ఆద్య దాన్ని సాంస్కృతిక శబ్దం అని రాసి, లెక్కలోంచి తీసేసింది. తన వ్యాసం చివర అనుబంధంలో నాలుగు వాక్యాలు ఆ సంగతి రాసింది కూడా. ఎవరూ చదవరనుకుంది. మేఘసార వాళ్ళు చదివారు. యంత్రానికి ఎక్కడ కళ్ళు లేవో చదివి తెలుసుకుని, సరిగ్గా అక్కడ దుకాణం పెట్టారు.

“ఇరవై మూడేళ్ళు,” అంది లాస్య. “మనిషి లోపలి వద్దుని చప్పుడన్నారు మీరు.”

ఆద్య తల వంచుకుంది. “ధ్రువపత్రం ఇస్తాను,” అంది.

తలుపు తోసుకుని ప్రొఫెసర్ చింతగుంట ప్రణీత్ లోపలికి వచ్చాడు. ఆయన జాతీయ సమ్మతి మండలికి అధ్యక్షుడు, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆద్యకు చదువు చెప్పిన మాస్టారు. ఎక్కడ జల్లెడ తీసినా మండలికి తెలిసిపోతుంది. ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. చేతికర్ర ఆనించి కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకుని, ముందుగా ఆద్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగాడు.

“పరవాలేదు మాస్టారూ.”

“నువ్వు వేళకు తినవు. హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ అంతే. మా ఆవిడ క్యారేజీ పంపకపోతే ఆ పీహెచ్‌డీ అయ్యేదా?” ఆయన నవ్వాడు. లాస్య వైపు చూసి మర్యాదగా నమస్కారం పెట్టాడు. “ఈ అమ్మకు అన్యాయం జరిగింది. కాదనను. కానీ ఆద్యా, ఒక్క ధ్రువపత్రం ఇచ్చావంటే ఏమవుతుందో తెలుసు కదా. దేశంలో ఉన్న ప్రతి ఒప్పందాన్నీ మళ్ళీ చదవమంటారు. అద్దెలు, ఉద్యోగాలు, భాగస్వామ్యాలు అన్నీ కూలిపోతాయి. మొహమాటం లేకుండా ఈ దేశంలో సరే అన్నవాడు ఎవడమ్మా? అది లేకపోతే మనుషులు ఒకరింటికొకరు వెళ్ళరు.”

“మొగమాటం మాకు తెలవంది కాదు సార్,” అంది లాస్య. “పక్కింటోళ్ళు పంచదార అడిగితే మొగమాటం. దాన్ని కొలిచి, కనపడకుండా చేసి, అది ఉన్నోళ్ళ ఇళ్ళు వెతుక్కుంటా వస్తే దాన్నేమంటారు?”

ఆయన ఆ ప్రశ్న విననట్టే ఉన్నాడు. “మూడు రోజులు ఆగు ఆద్యా. మండలిని సమావేశపరుస్తాను, పద్ధతిగా చేద్దాం. నా మాట నువ్వు ఎప్పుడూ కాదనలేదు. అప్పుడు కూడా, ఈ తరంగం ఒక్కటీ వదిలెయ్యమ్మా అంటే, అలాగే మాస్టారూ అన్నావు.”

మూడు రోజులంటే గడువు దాటిపోతుంది. ఆద్యకు తెలుసు, లాస్యకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఆద్య ఆయన చేతికర్ర వైపు చూసింది, వణుకుతున్న వేళ్ళ వైపు చూసింది.

“అలాగే మాస్టారూ,” అంది.

ఐదో దీపం ఎర్రగా వెలిగింది.

పాగా తన తల మీదే ఉందన్న సంగతి ఆద్య మరిచిపోయింది. లాస్య కుర్చీలోంచి లేచి, ఆ దీపం దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించింది.

“మాట చెల్లదు,” అంది. “చూశారుగా. ఈమె ‘అలాగే’ అన్న మాట చెల్లదు.”

“అది యంత్రం అమ్మా, దాన్నేం పట్టించుకుంటాం,” అన్నాడు మాస్టారు. “నోటితో అంది కదా. పెద్దవాళ్ళకు నోటిమాట చాలు.”

ఇరవై మూడేళ్ళ కింద చట్టసభలో నిలబడి, నోటిమాటకూ సంతకానికీ ఇక విలువ లేదు, పాగా చెప్పిందే నిజం అని బల్ల గుద్ది వాదించింది ఈయనే. పేదవాడి నోటిమాట పనికిరాదు, తనకు కావలసిన నోటిమాట పనికొస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఆయన మీద అంత కోపం తనకు రాగలదని ఆద్యకు అప్పటిదాకా తెలియదు.

“సాక్షీ, ధ్రువపత్రం పంపు,” అంది.

“మీ స్వేచ్ఛా సమ్మతితోనేనా?” సాక్షి నియమం ప్రకారం అడిగింది.

“అవును.”

దీపం ఎరుపు మారలేదు.

లాస్య విస్తుపోయింది. ఆద్య ఇంకోసారి అవును అంది, గట్టిగా. దీపం అలాగే ఉంది. మాస్టారు ముసిముసిగా నవ్వాడు. “చూశావా. ఆ అమ్మ ఎదురుగా నిలబడి ఉంది కాబట్టి అంటున్నావు. దానికీ మొహమాటమే, దీనికీ మొహమాటమే. అందుకే దాన్ని తీసెయ్యమన్నాను.”

ఆద్య కుంగిపోయింది. అరవయ్యారేళ్ళు వచ్చాయి, దేశం మొత్తం తలకాయలు కొలిచింది, తనకు ఏది ఇష్టమో తన తలలో దొరకడం లేదు. లాస్య ఆమెను కాసేపు చూసింది. జాలితో చూడలేదు. మిరప కాయ విత్తనానికి పనికొస్తుందా లేదా అని చూసే చూపు అది.

“నేను బయటికి పోతా,” అంది లాస్య.

“వద్దమ్మా, ఉండండి…”

“ఉంటే మీరు నాకోసం చెబ్తారు. నాకది అక్కర్లేదు. రేపు ఇంకోడు వచ్చి, ఆమె మొగమాటంతో ఇచ్చిందని ఆ కాయితం కొట్టేస్తాడు. మీరిచ్చేది నిలబడాల. సార్, మీరూ లేవండి.”

“నేనెందుకు లేవాలి?”

“నేను లేచాగా. నా విత్తనం పోద్దేమోనని భయపడతా కూడా లేచా. మీకేం పోద్దని కూర్చున్నారు?”

మాస్టారు ఆద్య వైపు చూశాడు. కూర్చోండి మాస్టారూ అంటుందని చూశాడు. ఆద్య నోరు తెరిచింది, దీపం వైపు చూసింది, నోరు మూసుకుంది. ఆయన కర్ర అందుకుని లేచాడు. ఇద్దరూ బయటికి వెళ్ళాక లాస్య తలుపు దగ్గరగా లాగింది.

“గదిలో మీరు తప్ప ఎవరూ లేరు,” అంది సాక్షి.

ఎవరూ లేని గదిలో ఏం చెప్పాలో ఆద్యకు వెంటనే తోచలేదు. ఉద్యోగం ఒప్పుకున్నది ఎవరో ఎదురుగా ఉండగా, పెళ్ళి వద్దనుకున్నది కూడా ఎవరో ఎదురుగా ఉండగానే. పదకొండు ఇళ్ళూ గుర్తుకొచ్చాయి. ఆ ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి, లోపల వద్దు వద్దు అనుకుంటూ, పైకి నవ్వుతూ తల ఊపిన వాళ్ళు గుర్తుకొచ్చారు. వాళ్ళందరి గొంతూ నొక్కిన చెయ్యి తనదే. సంస్థ చేతికి గొంతు అందించింది తను. మాస్టారు అడిగాడు, నిజమే. చేసింది మాత్రం ఆయన కాదు. ఈ సంగతి ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇంత స్పష్టంగా అనుకోలేదు. తన మీద తనకే కోపం వచ్చింది, సొంత మనిషి మీద వచ్చేలాంటి కోపం, ఎవరికీ చూపించనక్కర్లేనిది.

ఆమె ధ్రువపత్రం తానే రాసింది. రాయడానికి పావుగంట పట్టింది.

“మీ స్వేచ్ఛా సమ్మతితోనేనా?”

“అవును,” అంది ఆద్య. ఈసారి గొంతు పెంచలేదు.

దీపం కాసేపు వెలగలేదు. తర్వాత పచ్చగా వెలిగింది. సాక్షి ధ్రువపత్రాన్ని మండలికీ, లాస్య ఊరి సమ్మతి కేంద్రానికీ, మేఘసారకూ ఒకేసారి పంపింది. జల్లెడ లేకుండా మళ్ళీ చదవగానే లాస్య ఒప్పందం రద్దయింది. మిగతా పదీ తిరిగి చదవవలసిన జాబితాలోకి వెళ్ళాయి. ఆ పది వెనకాల ఎన్ని వస్తాయో ఎవరూ లెక్క కట్టలేదు.

ఆద్య పాగా విప్పి తలుపు తీసింది. వరండా బల్ల మీద ఒక కొసన మాస్టారు, ఇంకో కొసన లాస్య కూర్చుని ఉన్నారు.

“ఏం చేశావు?” అన్నాడు మాస్టారు.

“పంపేశాను.”

“నా మొహం మీద మాత్రం చెప్పలేకపోయావు.”

“చెప్పలేకపోయాను మాస్టారూ. అదే రాసి పంపాను. మీరు ఎదురుగా ఉంటే నేను వద్దు అనలేనని, అందుకే ఆ తరంగాన్ని తీసేశానని, దాని వల్ల ఇరవై మూడేళ్ళు యంత్రం జనానికి అబద్ధం చెప్పిందని రాశాను. పాగా పెట్టుకునేవాళ్ళు ఒంటరిగా, తలుపు వేసిన గదిలో పెట్టుకోవాలని కూడా రాశాను.”

“తలుపు వేసిన గదే చాలైతే, ఇక నీ పాగా దేనికి?”

ఆయన కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర చెయ్యి అందించాలని ఆమె ఒక అడుగు వేసింది, ఆగింది, మళ్ళీ వెళ్ళి చెయ్యి అందించింది. ఆయన పట్టుకోలేదు.

లాస్య సంచి భుజాన వేసుకుంది. ఆరు గంటల బస్సు ఉంది, రేపు నారు పోసుకోవాలి. ఆద్య ఆమె దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలని, ఎలాగైనా ఆ మనిషి మొహంలో కాస్త నెమ్మది చూడాలని ఆమెకు తహతహగా ఉంది.

“పొద్దుటి నుంచీ ఏమీ తిని ఉండరు. ఇల్లు ఇక్కడే. వేడిగా వండిపెడతాను, తిని వెళ్ళండమ్మా.”

“వద్దు,” అంది లాస్య.

“ఒక్క ముద్దయినా. మీరు తింటే నాకు…”

“మీకోసం తినమంటారా?”

ఆద్య ఒక అడుగు వెనక్కి వేసింది.

“నాకు ఆకలిగానే ఉంది,” అంది లాస్య. “మీ ఇంట్లో తినబుద్ధి కావట్లేదు. మీమీద కోపం ఇంకా పోలేదు డాక్టరమ్మా. పోయినప్పుడు నేనే వస్తా. పోకపోతే రాను.”

ఆమె మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.